అప్పీలు డాక్టరుకేనా?

ఆసుపత్రి ముందు టెంటు, రోడ్డు మీద బైఠాయింపు, పగిలిన రిసెప్షన్ అద్దాలు. సాయంత్రానికి ఎవరో నాయకుడొచ్చి రెండు పక్షాలనూ కూర్చోబెట్టి ‘సెటిల్‌మెంట్’ చేసి పోతాడు. వైద్యంలో నిర్లక్ష్యం జరిగిందన్న ఫిర్యాదు మన ఊళ్లలో తరచూ తేలేది ఇలాగే. డబ్బు చేతులు మారుతుంది. తప్పు జరిగిందో లేదో మాత్రం ఎవరూ తేల్చరు. నిజంగా జరిగి ఉంటే, మర్నాడు అదే ఓపీలో టోకెన్ తీసుకునేవాళ్లకు తెలిసే దారి లేదు.

వినియోగదారుల కమిషన్ పరిహారం ఇప్పిస్తుంది. క్రిమినల్ కేసు నిలవాలంటే నిర్లక్ష్యం చాలా తీవ్రమైనదై ఉండాలని 2005లో జాకబ్ మాథ్యూ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. డాక్టరు పేరును కొంతకాలమో, శాశ్వతంగానో రిజిస్టరులోంచి తీసేసే పని రాష్ట్ర మెడికల్ కౌన్సిల్‌ది.

ఆ కౌన్సిల్ పాటించాల్సిన 2002 నాటి నియమావళి చదవడానికి ముచ్చటగా ఉంటుంది. మందుల చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. రికార్డులు అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. ఫిర్యాదును ఆరు నెలల్లో తేల్చాలి. మీ ఇంట్లో ఉన్న పాత చీటీ ఒకటి తీసి చూడండి. పైన వెంకటేశ్వరస్వామి, పేరు పక్కన వరుసగా డిగ్రీలు, అడుగున ‘ఆదివారం సెలవు’ కనిపిస్తాయి. నంబరు కూడా ఉంటే సంతోషం. ఇక కేస్ షీట్ అడిగి చూడండి. మేనేజరు గారు ఊళ్లో లేరంటారు, సోమవారం రమ్మంటారు.

ఇన్నీ దాటి కౌన్సిల్‌కు వెళితే, అక్కడ విచారించేవాళ్లలో అత్యధికులు డాక్టర్లే. వాళ్లు ‘తప్పేం లేదు’ అన్నారనుకోండి. పాత నియమావళి ప్రకారం ఫిర్యాదీ 60 రోజుల్లో పైకి అప్పీలుకు వెళ్లొచ్చు. 2019 నాటి జాతీయ మెడికల్ కమిషన్ చట్టం మాత్రం 30వ సెక్షన్‌లో ఆ హక్కును డాక్టరుకే రాసింది. ఆ సెక్షన్ చూపించి కమిషన్ రోగుల అప్పీళ్లను తిప్పి పంపింది కూడా. రేపు మనసు మార్చుకుని తీసుకున్నా అది దయే అవుతుంది. శిక్ష పడ్డ డాక్టరుకు ఉన్న హక్కు, బిడ్డను పోగొట్టుకున్న తల్లికి లేకపోవడం ఏం న్యాయమో పార్లమెంటే చెప్పాలి.

బ్రిటన్‌లో జనరల్ మెడికల్ కౌన్సిల్‌ను నడిపే 12 మందిలో సగం డాక్టర్లు కానివాళ్లు. దాని మీద మరో సంస్థ ఉంది, ప్రొఫెషనల్ స్టాండర్డ్స్ అథారిటీ. డాక్టరుకైనా నర్సుకైనా వేసిన శిక్ష ప్రజల రక్షణకు చాలదనిపిస్తే అదే హైకోర్టుకు వెళ్లగలదు. 2002 చట్టంతో వచ్చిన అధికారమిది. కౌన్సిల్ ఆన్‌లైన్ రిజిస్టరులో పేరు కొట్టి చూస్తే ఏ డాక్టరు మీద ఏ ఆంక్షలున్నాయో ఎవరికైనా కనిపిస్తుంది. అక్కడ పనిచేసే మన తెలుగు డాక్టర్లూ ఈ నిబంధనల కిందే ప్రాక్టీసు చేస్తున్నారు.

ఇక్కడి డాక్టర్ల భయం ఉత్తిదేం కాదు. దాడులు నిజం, బెదిరించి డబ్బు గుంజే ఫిర్యాదులూ నిజం. అందుకే చెబుతున్నా, టెంటు వేసేవాళ్లకు ఫైలు పట్టుకుని వెళ్లడానికో చోటుండాలి. నిరాధారమైన ఫిర్యాదును కౌన్సిల్ కారణాలు రాసి కొట్టేస్తే, డాక్టరుకు నాయకుడి పంచాయితీ కంటే అదే మేలు. 30వ సెక్షన్‌లో ‘ఫిర్యాదీ కూడా’ అని రెండు మాటలు చేర్చడానికి కొత్త చట్టం అక్కర్లేదు, చిన్న సవరణ బిల్లు చాలు. మన ఎంపీల్లో డాక్టర్లూ ఉన్నారు. ఆ బిల్లు వాళ్లలో ఒకరు పెడితే ఇంకా బాగుంటుంది.