యువజనులతో ఓ మాట: ముప్పై అంగల పిట్టగోడ

రిమోటుతో ఎగిరే విమానం అనగానే తిరునాళ్లలో కొనే ఆటబొమ్మ అనుకోకండి. అమెరికాలో కొందరు బాల్సా కర్రతో, ప్లైవుడ్‌తో ఇంట్లోనే కట్టుకొనే 'జెయింట్ స్కేల్' విమానానికి ఒక రెక్క కొస నుండి మరో కొసకు 80 అంగుళాలైనా ఉంటుంది; జంట రెక్కలదైతే 60 చాలు. దాని పెట్రోలు ఇంజన్ తిప్పే పంకా వేళ్లు తెగగొట్టగలదు. బరువు 55 పౌండ్లు, అంటే దాదాపు 25 కిలోలు దాటితే ప్రత్యేక అనుమతి కావాలి. అంత బరువు ఎవరి బిడ్డ తలమీదనైనా పడితే?

ద్వితీయోపదేశకాండము 22:8 చూడండి. కొత్త ఇల్లు కట్టేవాడు, ఎవరూ జారిపడి చావకుండా, కప్పు చుట్టూ పిట్టగోడ కట్టాలని దేవుడు ఆజ్ఞాపించాడు. ఈ ఆటలో పిట్టగోడ 'రేంజ్ చెక్'. ట్రాన్స్‌మిటర్ శక్తిని తగ్గించి, ఒకరు విమానాన్ని పట్టుకొని ఉండగా మరొకరు సుమారు 30 అంగలు దూరం నడిచి, రెక్కల పలకలు, తోక పలకలు మాట వింటున్నాయో లేదో చూస్తారు. సంకేతం తెగితే ఇంజన్ దానంతటదే నెమ్మదించేలా ముందే అమర్చుకుంటారు. నెలల తరబడి కట్టినవాడికి చేతులు ఊరుకోవు. ఆ రెండు నిమిషాలే బరువనిపిస్తాయి. (మన ట్రాక్టరు బ్రేకుల సంగతీ అంతే కదా!) ఒక్క పలక వణికినా ఆ రోజుకు విమానం తిరిగి వ్యాను ఎక్కవలసిందే, చూడవచ్చినవారు ఎంతమంది నిలబడి ఉన్నా సరే.