తేలే కొయ్యకు మార్కాపురం పలక

అక్వేరియంలో డ్రిఫ్ట్‌వుడ్ పెట్టుకోవడం ఇప్పుడు మోజు. మెలికలు తిరిగిన వేరు మొద్దును ముచ్చటపడి కొంటారు, ట్యాంకులో దించగానే అది పైకి తేలి కూర్చుంటుంది. దాని నెత్తిన ఒక బండరాయి పెట్టి చేతులు దులుపుకుంటారు. నాలుగు రోజులకు రాయి జారితే పగిలేది అద్దమే.

కొయ్య తేలేది లోపలి గాలి వల్ల. కణాల గోడలు నీటికన్నా దాదాపు ఒకటిన్నర రెట్లు బరువు. గాలి పోయి ఆ ఖాళీల్లో నీరు చేరితే చాలు, మునుగుతుంది. ఆఫ్రికా నుంచి వచ్చే మోపానీ సాధారణంగా మొదటి రోజే మునుగుతుంది. స్పైడర్ వుడ్ మాత్రం వారాల తరబడి మొండికేస్తుంది. గంటో రెండు గంటలో ఉడకబెడితే పని తొందరగా అవుతుంది, పురుగూ పుట్రా చస్తాయి. గిన్నెలో పట్టని దుంగను డ్రమ్ములో నానేసి, నీళ్లు మారుస్తూ ఉండాలి. ఊరికే దొరికింది కదా అని వేప, జిల్లేడు, పాలుగారే చెట్ల కొమ్మలు తేవద్దు. పచ్చి కొయ్య కుళ్లుతుంది. బాగా ఎండిన జామ వేరైతే దిగులు లేదు.

ఇక రంగు. నీళ్లు డికాక్షన్‌లా మారగానే చేపలు చస్తాయేమోనని హడలిపోయి కొయ్యను బయట పారేసేవాళ్లున్నారు. అది టానిన్. కార్డినల్ టెట్రాలు పుట్టి పెరిగే బ్రెజిల్‌లోని రియో నీగ్రో నది నీళ్లూ ఆ రంగువే. ఫైటర్ చేప ట్యాంకులో ఎండు బాదం ఆకు వేసేవాళ్లు కోరి తెచ్చుకునేదీ దాన్నే. కంటికి నచ్చకపోతే ఫిల్టర్‌లో యాక్టివేటెడ్ కార్బన్ వేస్తే సరి. మొదటి వారాల్లో కొయ్య మీద పేరుకునే తెల్లటి జిగురుకూ భయపడనక్కర్లేదు. బ్రష్‌తో రుద్దితే పోతుంది, రొయ్యలుంటే అవే తినేస్తాయి. కుళ్లిన గుడ్డు వాసన వస్తే మాత్రం ఆ కొయ్యను ఉంచుకోకూడదు.

అసలు శ్రద్ధ పెట్టాల్సింది బిగింపు మీద. కొయ్య అడుగున పలకరాయి ముక్క పెట్టి, కింది నుంచి స్క్రూ బిగించి, పలకను ఇసుకలో పూడ్చాలి. ఇక్కడే మనవాళ్లు ఇంట్లో మిగిలిన కడప రాయో తాండూరు బండో వాడేస్తారు. రెండూ సున్నపురాళ్లే. నీటిలో మెల్లగా కరిగి గట్టిదనం పెంచుతాయి, మెత్తటి నీళ్లు కోరే టెట్రాలకు అది పడదు. బడిపిల్లల పలకలకు పేరుపడ్డ మార్కాపురం రాయి ఈ పనికి చక్కగా సరిపోతుంది. అయినా రాతి మీద ఒక వెనిగర్ చుక్క వేసి చూడాలి. నురగ వస్తే పనికిరాదు. పలకకు, కొయ్యకు ముందే డ్రిల్‌తో కన్నం వేయకపోతే పలక పెళుసుగా విరుగుతుంది. స్క్రూ స్టెయిన్‌లెస్ స్టీల్‌దే కావాలి: ఇనుము తుప్పు పడుతుంది, ఇత్తడిలోని రాగి రొయ్యలను చంపుతుంది. కొయ్యను రెండు అద్దాల మధ్య ఇరికించడం అన్నిటికన్నా ప్రమాదం, నీరు తాగి అది ఉబ్బుతుంది మరి.

ఇంత పని కొనేవాడి నెత్తిన ఎందుకు వేయాలి? పలక ముక్కకు, స్క్రూకు అయ్యే ఖర్చు కొయ్య ధర ముందు ఏపాటి? దుకాణాలే నానబెట్టి, పలక బిగించి, ఆ ఖర్చు కలిపి అమ్మవచ్చు. ఎండు దుంగను కవర్లో చుట్టి ఇచ్చేటప్పుడు, ఇది తేలుతుందని చెప్పడం వాళ్ల కనీస బాధ్యత.