బొమ్మల కొట్టు ఏమైనది?

ఉప్పలగుప్తం పరిసరముల పిల్లలకు వెనుకటి తరమున ఆటవస్తువులు రెండు చోట్ల దొరకెడివి. కొబ్బరాకు బూర, ముంజికాయల బండి పెరటిలో తామే చేసికొనెడివారు. తమకు చేతగాని లక్కపిడతలు, కొయ్యబొమ్మలు తీర్థములో కొనిపించుకొనెడివారు. కనుమనాడు జగ్గన్నతోటకో, భీష్మైకాదశికి అంతర్వేదికో పోయిన పిల్లవాడు వట్టి చేతులతో తిరిగివచ్చుట అరుదు.

తీర్థములు నేటికిని సాగుచున్నవి. కొట్టులోని సరకు మాత్రము మారినది. కొయ్య యున్నచోట ప్లాస్టిక్కు చేరినది.

ప్రభుత్వ మూరకుండలేదు. బొమ్మలపై దిగుమతి సుంకమును 2020లో 20 నుండి 60 శాతమునకు, 2023లో 70 శాతమునకు పెంచినది. 2021 జనవరి 1 నుండి నాణ్యతాముద్ర తప్పనిసరి చేసి, నమోదైన చేతిపనివారికి, భౌగోళిక గుర్తింపు గల బొమ్మలకు మినహాయింపు నిచ్చినది. 2025 గణతంత్ర దినోత్సవమున ఏటికొప్పాక బొమ్మల శకటము ఢిల్లీలో నడచినది.

ఇవన్నియు బొమ్మను చేయువానికి అండ. బొమ్మను పిల్లవాని చేతికి చేర్చు చిన్న కొట్టువాని తలంపు వీనిలో లేదు. అందుచే కొయ్యబొమ్మ బ్రతికినను, గాజుబీరువాలో బ్రతికినది. ఆడిన బొమ్మ విరుగును. విరిగినచో మరల కొందురు. ఆ కొనుగోలే పనివానికి ఏడాది పొడుగునా కూడు. అలంకారపు బొమ్మను ఇంటికి ఒక్కసారియే కొందురు.

తీర్థములలో కొట్లకు పాట పెట్టునపుడు కొయ్యబొమ్మల కొక చోటు స్వల్ప రుసుమునకు విడుచుట పెద్ద త్యాగము కాదు. సుంకము పరాయి సరకు నాపగలదు. పిల్లవాని చేయి పట్టి కొట్టుకు తీసికొనిపోవలసినది పెద్దలే.