తాడూ సంకెలే, మాత్రా సంకెలే

వానలు మొహం చాటేసిన ఏడు శింగనమల ప్రాంతంలో పనిచేయగలిగిన వాళ్ళు బెంగుళూరు దారి పడతారు. ఊళ్ళో ముసలివాళ్ళు, వాళ్ళని చూసుకునే ఆడవాళ్ళు మిగులుతారు. మతి తప్పిన అవ్వ అర్ధరాత్రి లేచి పుట్టింటికి పోతానంటుంది. తెల్లారితే కూలికి పోవాల్సిన కోడలు ఏం చేస్తుంది? మంచానికి కడుతుంది, లేదా బయట గొళ్ళెం పెడుతుంది. డబ్బున్నవాళ్ళు పట్నంలో వృద్ధాశ్రమంలో చేరుస్తారు. అక్కడ తాడుకు బదులు మత్తుమందు ఇస్తే, అవ్వ నెమ్మదించిందని అందరూ సంతోషిస్తారు.

ఆ నెమ్మది ఎవరి కోసం? దాహమో, నొప్పో, మూత్రంలో మంటో చెప్పుకోలేక ఆమె అల్లాడుతుండవచ్చు. కట్టేస్తే ఒళ్ళు పుండ్లు పడుతుంది, కాళ్ళు పడిపోతాయి. మానసిక రోగాలకు వాడే మందులు డిమెన్షియా ఉన్న వృద్ధుల్లో మరణాల ముప్పును పెంచుతాయని అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ 2005లో కొత్త మందుల విషయంలోనూ, 2008లో హాలోపెరిడాల్ వంటి పాత మందుల విషయంలోనూ హెచ్చరించింది. సిబ్బంది సౌకర్యం కోసం కట్టేయడాన్నీ, మందులివ్వడాన్నీ నర్సింగ్ హోముల్లో నిషేధిస్తూ ఆ దేశం 1987లోనే చట్టం చేసింది.

మన దేశంలో 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఏర్వాడిలో గొలుసులతో కట్టేసి ఉంచిన 28 మంది మానసిక రోగులు అగ్నికి ఆహుతయ్యారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని పూర్తిగా నిషేధించింది. చికిత్సా సంస్థల్లో సిబ్బంది తక్కువన్న సాకుతో రోగిని బంధించకూడదన్నది. మరి సిబ్బంది అంటే కోడలొక్కతే అయిన ఇంటి మాటేమిటి? చాలీచాలని జీతానికి ఒంటరిగా రాత్రంతా కాపలా ఉండే ఆయా మాటేమిటి?

కట్టేసిన చెయ్యీ, కట్టుబడిన చెయ్యీ రెండూ ఆడవాళ్ళవే. కోడల్ని దోషిగా నిలబెట్టి ప్రభుత్వం తప్పుకుంటే ఒప్పుకోకూడదు. అలాగని కోడలి కష్టం చూపించి అవ్వ హక్కును కాదనడానికీ వీల్లేదు.

కాబట్టి మనం అడగాల్సినవి స్పష్టం. ప్రతి మండలంలో పగటిపూట వృద్ధుల్ని చూసుకునే కేంద్రం కావాలి. అది ఆశా, అంగన్‌వాడీ కార్యకర్తల నెత్తిన మరో చాకిరీగా కాక, జీతమిచ్చే ఉద్యోగంగా ఉండాలి. ఆశ్రమంలో ఎవరికి ఏ మందు, ఎందుకు, ఎన్నాళ్ళు ఇస్తున్నారో రాసిపెట్టి కుటుంబానికి చెప్పాలి. మహిళా సంఘాలు ఆ ఆశ్రమాల తలుపు తట్టాలి. మతి పోయినంత మాత్రాన మనిషి హక్కులు పోవు.