హస్తవాసికీ కొలమానం!

దంత పరిశుభ్రత విద్యార్థుల చేతులకు కదలికల సెన్సర్లు
ఖర్చు తక్కువే.. ప్రయోజనం ఎంత?

ఒంగోలు : వైద్యుని చేతి చలవను మన పల్లెల్లో హస్తవాసి అంటారు. అది పుట్టుకతో రావలసిందే తప్ప నేర్పితే వచ్చేది కాదని పెద్దల నమ్మకం. ఆ హస్తవాసిని డిగ్రీలలోను, సెకనులో వందో వంతులలోను కొలిచే ప్రయత్నాలు కొంతకాలంగా విదేశీ దంత విద్యాలయాల్లో సాగుతున్నాయి. పళ్లకు పట్టిన గారను తొలగించే డెంటల్ హైజీనిస్టు కోర్సు విద్యార్థుల ముంజేతికి, పరికరం పిడికి చిన్న సెన్సర్లు అమర్చి, వారి చేయి ఎలా కదులుతున్నదో కంప్యూటర్ తెరపై గీతలుగా చూపడం ఇందులోని ప్రధానాంశం.

దేశంలో మూడు వందలకు పైగా దంత వైద్య కళాశాలలు ఉన్నాయి. ఉభయ తెలుగు రాష్ట్రాల వాటా అందులో తక్కువేమీ కాదు. గార తీయడానికి అమెరికాలో ప్రత్యేకంగా హైజీనిస్టులు ఉంటారు. ఇక్కడ ఆ పని దాదాపుగా దంత వైద్యులే చేస్తారు. పని ఎవరు చేసినా నేర్చుకునే విధానం ఒక్కటే కనుక, ఈ సెన్సర్ల సంగతి మన కళాశాలలకూ వర్తిస్తుంది.

వేలు కాదు, ముంజేయి
క్లీనింగ్ చేయించుకుంటే పళ్లు వదులవుతాయన్న భయం గ్రామాల్లో నేటికీ ఉంది. నిజానికి పంటిని వదులు చేసేది గార మాటున చేరిన సూక్ష్మజీవులు. అవి చిగురు కిందికి పాకి, పంటిని పట్టి ఉంచే ఎముకను హరిస్తాయి. ఏర్పడిన సందులను గారే పూడ్చి ఉంచుతుంది. దానిని తొలగించగానే సందులు, కదలిక బయటపడతాయి. నింద మాత్రం వైద్యునిపై పడుతుంది. అయితే ఆ నిందలో నిజం బొత్తిగా లేదని కూడా అనలేము. శిక్షణ చాలని చేయి చిగుళ్లను చీల్చగలదు, పంటి వేరుపై గాట్లు పెట్టగలదు.

ఎందుకంటే ఈ పనిలో కోణమే ప్రాణం. క్యూరెట్ అనే కొక్కెం వంటి పరికరపు అంచు పంటి ఉపరితలంతో 45 డిగ్రీలకు ఎక్కువ, 90 డిగ్రీలకు తక్కువ కోణంలో ఉండాలి. 45కు తగ్గితే గార ఊడిరాదు సరికదా, పైపైన నున్నబడి తర్వాత కంటికి కనిపించకుండా పోతుంది. 90 దాటితే అంచు చిగురులోకి దిగుతుంది. పరికరాన్ని పెన్ను పట్టినట్లు పట్టి, ఉంగరపు వేలిని పక్క పంటిపై ఆనించి, వేళ్లను ముడవకుండా, తాళంచెవి తిప్పినట్లు ముంజేతిని తిప్పాలి. ఒక్కో కదలిక కొన్ని మిల్లీమీటర్లే.

కొత్తగా చేరినవారు చేసే మొదటి పొరపాటు వేళ్లతో గోకడం. వేలి కండరాలు చిన్నవి, త్వరగా అలసిపోతాయి. పట్టు బిగుస్తుంది. రెండేళ్ల చదువులో స్థిరపడిన ఆ అలవాటు ఇరవై ఏళ్ల వృత్తిలో మణికట్టు నొప్పిగా, వేళ్ల తిమ్మిరిగా తేలుతుంది. మెడ, భుజం, మణికట్టు నొప్పులు హైజీనిస్టులలో సర్వసాధారణం. అంటే ఇక్కడ దెబ్బతినేది రోగి చిగురు ఒక్కటే కాదు.

ఇప్పటివరకు ఈ తప్పును పట్టేది అధ్యాపకుని కన్ను. బొమ్మ తలలోని ప్లాస్టిక్ పళ్లపై కృత్రిమ గార పూసి అభ్యాసం చేయిస్తారు. ఒక్క అధ్యాపకుడు వరుస మొత్తం తిరిగి చూడాలి. ఆయన వచ్చేసరికి పని అయిపోయి ఉంటుంది, ఫలితమే కనిపిస్తుంది. పంటిపై గార మిగిలిందని చెప్పగలరు కానీ ఏ కదలిక వల్ల మిగిలిందో చెప్పడం కష్టం.

సెన్సర్ చూసేది
సెల్‌ఫోన్‌ను అడ్డంగా తిప్పితే తెరపై బొమ్మ కూడా తిరగడం అందరికీ తెలిసిందే. దానికి కారణమైన సెన్సరే ఇక్కడా పనిచేస్తుంది. వేగంలో మార్పును పసిగట్టేది ఒకటి, తిరుగుడును కొలిచేది మరొకటి. ఒక్కొక్కటి మూడు దిశలలో కొలుస్తుంది కనుక ఆరు అక్షాల సెన్సర్ అంటారు. ముంజేతికి ఒకటి, పరికరానికి ఒకటి అమరిస్తే తిరుగుతున్నది ముంజేయా, వేళ్లా అన్నది తేలిపోతుంది. ముంజేయి కదలకుండా పరికరం మాత్రమే ఊగితే పని వేళ్లతో జరుగుతున్నట్లే. చేయి తిరిగినవారి గీత ఒకే తీరు అలలుగా సాగుతుంది. కొత్తవారిది ఎగుడుదిగుడుగా, మధ్యమధ్య ఆగుతూ నడుస్తుంది.

చేతి పనిని కొలవాలన్న ఆలోచన కొత్తదేమీ కాదు. అమెరికాకు చెందిన ఫ్రాంక్ గిల్‌బ్రెత్ 20వ శతాబ్దం తొలినాళ్లలోనే కార్మికుల చేతులకు చిన్న దీపాలు అమర్చి, ఆ వెలుగు గీసిన దారిని ఫొటోలు తీశారు. తాపీ పనితో మొదలుపెట్టిన ఆయన శస్త్రవైద్యుల కదలికలనూ పరిశీలించారు. లండన్ ఇంపీరియల్ కళాశాల వారు శస్త్రచికిత్స నేర్చుకునేవారి చేతి కదలికలను లెక్కించే పరికరాన్ని రూపొందించారు. అదే కోవలో ఇప్పుడు దంత పరిశుభ్రత వంతు వచ్చింది.

చూడలేనిది
ఈ సెన్సర్ కదలికను చూస్తుందే గాని బలాన్ని చూడదు. చేయి ఎంత అందంగా తిరిగినా, ఎంత గట్టిగా నొక్కుతున్నదో దానికి తెలియదు. చిగురు లోతును కొలిచే ప్రోబ్‌ను సుమారు 20 నుంచి 25 గ్రాముల బరువు మోపినంత ఒత్తిడితోనే వాడాలని బోధిస్తారు. ఆ సున్నితత్వాన్ని పట్టాలంటే ఒత్తిడిని కొలిచే వేరే సెన్సర్ ఉండాలి. అంచు ఏ పంటిపై ఉన్నదో కూడా ఇది చెప్పలేదు. వేగం మార్పుల నుంచి స్థానాన్ని లెక్కకట్టబోతే స్వల్ప దోషాలు పేరుకుని సెకన్లలోనే లెక్క దారి తప్పుతుంది. పరికరం వంపు భూమ్యాకర్షణను బట్టి తెలుస్తుంది సరే, పన్ను ఎటు వాలి ఉన్నదో తెలియనిదే అసలు కోణం తేలదు. అందుకే బొమ్మ తలను నిర్ణీత స్థితిలో బిగించడమో, దానికీ ఒక సెన్సర్ అమర్చడమో తప్పనిసరి. అయస్కాంత దిక్సూచి తోడుంటే మేలే కానీ, దంత కుర్చీ చుట్టూ ఉండే ఇనుము దాన్ని తికమకపెడుతుంది.

ఎడమచేతి వాటం విద్యార్థుల సంగతి మరొకటి. కుడిచేతి అధ్యాపకుని గీతను నమూనాగా పెట్టి అందరినీ దానితో పోల్చితే వారికి అన్యాయం జరుగుతుంది. అరచేయి చిన్నదైన అమ్మాయి గీత, పెద్ద చేయి ఉన్నవారి గీత ఒకే తీరున ఉండనవసరం లేదు.

తప్పు చేసిన ప్రతిసారీ కంపనంతో హెచ్చరించే ఏర్పాటు వినడానికి బాగుంటుంది. అయితే నిరంతరం అందే సూచనలపై నేర్చుకునేవారు ఆధారపడిపోతారని, అవి ఆగగానే నైపుణ్యం సన్నగిల్లుతుందని 1984లోనే సాల్మొని, ష్మిట్, వాల్టర్ తమ సమీక్షలో వివరించారు. కనుక యంత్రం మొదట తరచుగా మాట్లాడి, పోనుపోను మౌనం వహించడమే సబబు. పైగా ప్లాస్టిక్ పంటికి లాలాజలం ఊరదు, నాలుక అడ్డురాదు, నొప్పికి ఉలిక్కిపడే మనిషి అక్కడ ఉండడు. బొమ్మపై వచ్చిన మంచి గీతను చూసి విద్యార్థి సిద్ధమయ్యాడని ముద్ర వేయడం తొందరపాటే అవుతుంది.

మరకలన్నీ గార కావు
కనిగిరి, దర్శి ప్రాంతాల ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో పళ్లపై కనిపించే గోధుమరంగు మరకలను మురికిగా భావించి ఇటుకపొడితో రుద్దేవారున్నారు. ఆ మరక పన్ను ఏర్పడే దశలోనే ఎనామిల్‌లో కలిసిపోయినది. గీకితే పోదు, పన్ను అరుగుతుంది. పొగాకు మరక పైపైది కనుక పోతుంది. ఏది గీకాలి, ఏది వదిలేయాలి అన్న విచక్షణ ముంజేతికి కట్టిన ఏ సెన్సర్ నుంచీ రాదు. అది చూసి, తడిమి, అనుభవజ్ఞుల పక్కన నిలబడి నేర్చుకోవలసిందే.

కొనుగోలుకు ముందు..
స్పర్శను అనుకరించే పెద్ద సిమ్యులేటర్ల ధర లక్షల్లో ఉంటుంది. ఆరు అక్షాల సెన్సర్ మాత్రం కొన్ని వందల రూపాయలకే దొరుకుతోంది. ఇంజినీరింగ్ విద్యార్థులు ప్రాజెక్టుల కోసం కొనే ఎంపీయూ-6050 ఆ కోవలోనిదే. దంత కళాశాల, ఇంజినీరింగ్ కళాశాల చేతులు కలిపితే మన దగ్గరే తయారు చేసుకోగల వస్తువిది. విదేశీ పెట్టె కొని, తనిఖీ రోజున ప్రదర్శించి, మర్నాడు బీరువాలో పెట్టే తీరు కంటే ఇది ఎన్నో రెట్లు నయం. దాని గీతను మార్కులకు ముడిపెట్టకుండా, విద్యార్థి తనను తాను చూసుకునే అద్దంగా వాడితేనే ఫలితం ఉంటుంది.

అసలు చిక్కు వేరే ఉంది. అమెరికాలోని బ్రిడ్జ్‌పోర్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ 1913లో హైజీనిస్టులకు తొలి పాఠశాల తెరిచారు. ఇప్పుడు అక్కడ రెండు లక్షలకు పైగా హైజీనిస్టులు పనిచేస్తున్నారు. మన దేశంలో 1948 దంత వైద్యుల చట్టమే ఈ వృత్తికి ప్రత్యేక రిజిస్టరును కల్పించింది, రెండేళ్ల కోర్సూ ఉంది. కానీ పోస్టులేవీ? చాలా ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో దంత వైద్యుడే లేనప్పుడు హైజీనిస్టు మాట ఎవరు ఎత్తుతారు? ఇక్కడ బీడీఎస్ చదివినవారు అమెరికా వెళ్లి, ఫ్లోరిడా వంటి రాష్ట్రాల్లో హైజీనిస్టు లైసెన్సు పరీక్షకు కూర్చునే అవకాశం ఉంది. 1948 చట్టం స్థానంలో జాతీయ దంత కమిషన్‌ను తెచ్చే చట్టాన్ని పార్లమెంటు 2023లో ఆమోదించింది. హైజీనిస్టు కోర్సులో ఏ నైపుణ్యాన్ని ఎలా పరీక్షించాలో, ప్రభుత్వ ఆసుపత్రుల్లో వారికి ఎన్ని పోస్టులు ఉండాలో ఆ వ్యవస్థ కింద, రాష్ట్రాల స్థాయిలో తేలవలసి ఉంది.