హుకుంపేట ఫోన్‌కు చేరాల్సిన ఫైళ్లు

పాడేరు–అరకు దారిలోని హుకుంపేటలో ఒక కాఫీ రైతు ఫోన్‌లో దరఖాస్తు పెట్టుకునే వెబ్ అప్లికేషన్ సరిగా తెరుచుకోవాలంటే సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్, బొమ్మలు, ఫాంట్లు అన్నీ దిగాలి. ఈ స్టాటిక్ ఫైళ్లను అప్లికేషన్ నడిచే సర్వర్‌లోనే ఉంచాలా, అమెజాన్ ఎస్3 వంటి క్లౌడ్ స్టోరేజీలో పెట్టాలా అన్నది తయారు చేసేవారు నగరంలో తేల్చుకునే విషయం. ఆ నిర్ణయం బరువు మాత్రం కొండల్లోని బలహీనమైన సిగ్నల్ మీద పడుతుంది.

బయట పెట్టడానికి గట్టి కారణాలే ఉన్నాయి. హెరోకు వంటి వేదికల్లో వాడుకరులు అప్‌లోడ్ చేసిన ఫైళ్లు సర్వర్ రీస్టార్ట్ కాగానే పోతాయి. రెండు మూడు సర్వర్లు నడిపేవారికి అన్నిటికీ కలిపి ఒకే చోటు అవసరం. దరఖాస్తుల చివరి రోజున రద్దీ పెరిగినా, బొమ్మల భారం స్టోరేజీ మోస్తే సర్వర్ తన అసలు పని చేసుకోగలదు. 2016లో ముంబైలో, 2022లో హైదరాబాద్‌లో అమెజాన్ క్లౌడ్ కేంద్రాలు మొదలయ్యాక దూరం అన్న అభ్యంతరమూ చాలావరకు తగ్గింది.

అయితే హుకుంపేట వంటి చోట ఆలస్యం తరచూ ఫోన్‌కూ టవర్‌కూ మధ్యనే పుడుతుంది. ఫైళ్లు వేరే డొమైన్ నుంచి వస్తుంటే ఫోన్ మళ్లీ డీఎన్‌ఎస్‌ను అడగాలి, మళ్లీ కనెక్షన్ కుదుర్చుకోవాలి, టీఎల్‌ఎస్ తతంగం మళ్లీ పూర్తిచేయాలి. విశాఖలో తెలియనైనా తెలియని ఈ రాకపోకలు సిగ్నల్ తడబడే చోట సెకన్లు తింటాయి. జావాస్క్రిప్ట్ అందకపోతే బటన్ నొక్కినా ఏమీ జరగదు. సర్వర్ లాగ్‌లో అంతా సవ్యంగానే కనిపిస్తుంది గనుక నిర్వాహకులకు ఆ సంగతి తెలియకపోవచ్చు. ఒక సైటు కోసం దిగిన లైబ్రరీ మరో సైటుకూ పనికొస్తుందన్న పాత వాదన కూడా, 2020లో క్రోమ్ తన క్యాష్‌ను సైటువారీగా విడగొట్టాక నిలవదు.

స్టోరేజీయే ఆగిపోతే అన్న భయమూ ఉంది. 2017 ఫిబ్రవరి 28న ఒక ఆదేశం తప్పుగా టైపు కావడంతో ఎస్3లో కొంత భాగం గంటల తరబడి ఆగిపోయింది. అంతమాత్రాన క్లౌడ్‌ను నమ్మరాదనడం న్యాయం కాదు. ఒక్కరే చూసుకునే చిన్న సర్వర్ ఇంకా తక్కువగా ఆగుతుందని ఎవరు హామీ ఇవ్వగలరు?

నన్ను ఎక్కువ కలవరపెట్టేది మరొకటి. స్టాటిక్ ఫైళ్లు ఎలాగూ అందరికీ కనబడాల్సినవే. దరఖాస్తుతో రైతు పంపే పోడు పట్టా, ఆధార్ కాపీ కూడా సౌలభ్యం కోసం అదే బకెట్‌లో (ఎస్3లో ఫైళ్లుంచే అర) చేరితే, లింకు దొరికిన ఎవరైనా వాటిని చూడగలరు. 2023 ఏప్రిల్ నుంచి కొత్త బకెట్లు బయటివారికి మూసే వస్తున్నా, సెట్టింగు మార్చి తెరవడం తేలికే. కనుక ఆ పత్రాలకు వేరే బకెట్ ఉండాలన్న విషయంలో నాకు రెండో ఆలోచన లేదు.

మిగతా విషయాల్లో నా మొగ్గు విభజన వైపే. పేజీ పనిచేయడానికి తప్పనిసరైన సీఎస్‌ఎస్, జావాస్క్రిప్ట్ చిన్నవైతే అప్లికేషన్ డొమైన్‌లోనే ఉండనివ్వాలి. జాంగో ఫ్రేమ్‌వర్క్ వాడేవారికి ఇందుకు వైట్‌నాయిస్ అనే లైబ్రరీ ఉంది. పెద్ద బొమ్మలు, పీడీఎఫ్‌లు స్టోరేజీకి పోవచ్చు, బయటికెళ్లే డేటాకు బిల్లు పడవచ్చని గుర్తుంచుకుంటే. ఫైలు పేరులో హ్యాష్ చేర్చి ఏడాదిపాటు క్యాష్‌లో ఉండనిస్తే రెండోసారి దిగే పని తప్పుతుంది. ఒత్తులు, గుణింతాల వల్ల తెలుగు ఫాంటు తరచూ వందల కేబీలు ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లలో తెలుగు ఫాంటు ముందే ఉంది గనుక దాన్ని అసలు పంపకపోవడమే మేలు కావచ్చు. వాడకం పెరిగాక ఈ విభజన సరిపోకపోతే, అదే డొమైన్ ముందు సీడీఎన్ (ఫైళ్ల నకళ్లను వాడేవారికి దగ్గరలో ఉంచే సర్వర్ల వల) నిలిపే ఆలోచన చేయవచ్చు, మామూలు ఫోన్‌తో హుకుంపేటలోనే పరీక్షించి చూశాక.