కొలత ఎవరి గడప నుండి?

ఇల్లు వెడలి 15 నిమిషములు నడచునంతలో బడియు, అంగడియు, వైద్యశాలయు, వీలైనచో ఉద్యోగమును అందునట్లు నగరమును దిద్దుకొనవలెనను మాట నగర నిర్మాతల నోట ఇటీవల తరచుగా వినవచ్చుచున్నది. పారిస్‌లో ఆచార్య కార్లోస్ మోరెనో ఆ భావమును ప్రచారము చేయగా, మేయరు ఆన్ ఇడాల్గో 2020 ఎన్నికలలో దానినొక వాగ్దానముగా ప్రజల ముందుంచిరి. మాట ముచ్చటైనదే, మోకాళ్లు సలుపు నావంటి వానికి మరింత ముచ్చట. అయినను ఆ 15 నిమిషములను ఎవరి గడప నుండి లెక్కింపవలెనని అడుగువారు అరుదు.

ఈ ఆలోచన మన దేశమునకు కొత్తదియు కాదు. 1951లో లె కార్బూజియే చండీగఢ్‌కు రచించిన ప్రణాళికలో నగరము సుమారు 1200 మీటర్ల పొడవు, 800 మీటర్ల వెడల్పు గల సెక్టారులుగా విభజింపబడినది. సెక్టారు నడుమ అంగడి వీధి, పొడవునా పచ్చిక బయలు, ఆ బయలులో నడచువారికి వేరుగా బాటలు, బిడ్డలు పెద్ద రహదారి దాటనక్కరలేకుండ లోపలనే బడి. పాదచారిని ఇంతగా మన్నించిన పటమును నేను వేరొకటి ఎరుగను. ఆ నగరముననే ముఖ్యమంత్రి మొదలు బంట్రోతు వరకు ప్రభుత్వ గృహములు 13 తరగతులుగా నిర్ణయింపబడినవి. ఉత్తరమున విశాలమైన తోటల నడుమ బంగళాలు, దక్షిణమునకు పోవుకొలది ఇరుకు. బంట్రోతునకు సైతము తావు చూపిన ఆ పటము, నగరమునకు ఇటుకలు మోసిన కూలివానికి మాత్రము చూపలేదు. అతడు తాత్కాలికమనబడిన గుడిసెలలో చేరి, తరములపాటు తాత్కాలికుడుగనే మిగిలెను. పారిశ్రామిక వాడలోని నాలుగవ నంబరు కాలనీ 2022 మే 1న, అనగా కార్మిక దినోత్సవము నాడే, నేలమట్టము చేయబడినది (ముహూర్తము పెట్టినవారికి ఆ సంగతి స్ఫురించెనో లేదో!). అర్హులని తేలినవారికి మలోయాలో ఇండ్లిచ్చిరి. పారిశ్రామిక వాడ నగరమునకు తూర్పు, మలోయా పడమటి అంచు.

మన హైదరాబాదు కథయు దూరపుది కాదు. 2023 జూన్‌లో బాహ్యవలయ రహదారి దరిని, కొల్లూరున, పేదల కొరకు 15,660 ఇండ్లు ప్రారంభింపబడినవి. వానకు కారని కప్పు, రెండు పడక గదులు సామాన్యమైన మేలు కాదు. దానిని ఎగతాళి చేయువారు గుడిసెలో ఒక శ్రావణమాసము గడిపి చూడవలెను. అయినను నగరము నడుమ నాలుగిళ్ల పాచిపని చేసుకొను స్త్రీకి ఆ కప్పు క్రింద చేరుట యనగా, పనిని వదలుకొనుటయో, ప్రతిదినము బస్సులకు గంటలు ధారపోయుటయో అగును.

అటులని సామీప్యమే సమత్వమని భ్రమపడరాదు. మన పాత పల్లెకంటె నడకకు అనువైన ఊరేది? చెరువు, బావి, గుడి, కొలిమి, అన్నియు కూతవేటు దూరముననే. అయినను వెలివాడనుండి వచ్చిన స్త్రీ ఊరబావికి ఎడముగా కుండతో నిలిచి, ఎవరో తోడి పోయువరకు ఎదురు చూడవలసియుండెను. అడుగులు తక్కువే, అనుమతి లేదు. పనివారికి వేరు లిఫ్టు చూపు నేటి అపార్టుమెంటును చూచినపుడెల్ల నాకు ఆ బావియే గుర్తు వచ్చును.

అనుమతి లేని ఆ తీరే నేటి వీధులలోను కనబడును. వీధిని సుందరము చేయబూనిన నాడు మొట్టమొదట మాయమగునది ఇడ్లీబండి. వార్డు జనాభాలో 2.5 శాతము వరకు వీధి వర్తకులకు తావు కల్పింపవలెనని 2014 నాటి కేంద్ర చట్టము చెప్పుచున్నను, ఆ లెక్క కాలిబాట రాళ్లు పరచువారి చెవిని పడినట్లు తోచదు. బాట బాగుపడగనే అద్దె పెరుగును. అద్దె పెరుగగనే, ఆ బాటపై నిజముగా నడచి పనికి వచ్చువారు వీధి విడిచి పోవుదురు. కావున కాలిబాటతో పాటు అదే వార్డులో చిన్న అద్దెయిండ్లకు స్థలము కేటాయింపని ప్రణాళిక సగము ప్రణాళికయే.

మీ పేటకు కొత్త కాలిబాట వేయింతునని కార్పొరేటరు వచ్చినపుడు, మీ యింట అంట్లు తోము ఆమె తెల్లవారి ఎన్నింటికి బయలుదేరి, ఎన్ని బస్సులు మారి వచ్చుచున్నదో ముందుగా ఆమెనడిగి తెలిసికొని, ఆ లెక్కను కూడ మీరు అతనికిచ్చు అర్జీలో చేర్చుడు.

— పాదచారి